ఆడేవాళ్ళు లేని ఆట

పులిజూదం ఆడాలంటే ఇద్దరు కావాలి. వామనగుంటలకూ ఇద్దరు కావాలి. అష్టాచెమ్మాకు నలుగురైనా కూర్చోవచ్చు. ఒకరు గెలుస్తారు, మిగిలినవాళ్ళు ఓడిపోతారు.

ఇంకో ఆట ఉంది. అందులో గెలుపు లేదు. ఓటమి లేదు. ఎత్తు వేసేవాళ్ళే లేరు. మొదట గళ్ళలో గింజలు పెట్టడం ఒక్కటే మనిషి చేసే పని. ఆ తర్వాత ఆట నియమం ప్రకారం నడిచిపోతుంది. ఏ గింజ ఉండాలో, ఏ గింజ పోవాలో, ఎక్కడ కొత్త గింజ రావాలో నియమమే చెబుతుంది. మనిషి కూర్చుని చూడటమే.

ఈ ఆట పేరు లైఫ్. అంటే బతుకు అని అర్థం. దీన్ని కనిపెట్టినవాడు జాన్ కాన్వే. ఈయన 1937లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో లెక్కల పాఠాలు చెప్పేవాడు. ఈ ఆట 1970లో లోకానికి తెలిసింది. అప్పటినుంచి ఇప్పటిదాకా దీన్ని నడుపుతూనే ఉన్నారు. పిల్లలు నడుపుతున్నారు. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులూ నడుపుతున్నారు.

గింజల ఆటలో అంత ఏముంది? చూద్దాం.

అంతకుముందు ఇంకో పెద్దాయన సంగతి చెప్పుకోవాలి. ఆయన పేరు జాన్ వాన్ న్యూమన్. హంగేరీ దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. ఆయనకు ఒక ప్రశ్న పట్టుకుంది. ఆవు దూడను కంటుంది. చెట్టు విత్తనం రాలిస్తే ఇంకో చెట్టు మొలుస్తుంది. మరి ఒక యంత్రం తనలాంటి ఇంకో యంత్రాన్ని తయారుచెయ్యగలదా?

స్టానిస్లా ఉలాం అనే మిత్రుడు ఆయనకొక సలహా ఇచ్చాడు. ఇనుముతో, చక్రాలతో కుస్తీ పట్టవద్దు, కాగితం మీద గళ్ళు గీసి లెక్క వెయ్యమన్నాడు. వాన్ న్యూమన్ అలాగే చేశాడు. చెయ్యవచ్చునని లెక్కతో చూపించాడు. కానీ ఆయన లెక్క చాలా చిక్కు లెక్క. ఒక్కొక్క గడి 29 రకాలుగా ఉండవచ్చు. గుర్తు పెట్టుకోవడమే కష్టం.

కాన్వేకు ఇది నచ్చలేదు. 29 రకాలు ఎందుకు? రెండు చాలవా? గడిలో గింజ ఉంటుంది, లేదా ఉండదు. ఇలా మొదలుపెట్టాడు. టీ తాగే వేళల్లో తోటివాళ్ళతో, విద్యార్థులతో కలిసి పలక మీద గింజలు పరిచేవాడు. ఒక నియమం పెట్టి చూసేవాడు. పుట్టుక తేలికైతే గింజలు పలకంతా నిండిపోయేవి. కష్టమైతే నాలుగు ఎత్తుల్లో అన్నీ చచ్చిపోయేవి. కూరలో ఉప్పు చూసినట్టు అటూ ఇటూ సరిచేస్తూ పోయాడు. చివరికి ఒక నియమం దగ్గర ఆగాడు.

ఆ నియమం తెలుసుకోవడానికి కంప్యూటరు అక్కర్లేదు. అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీయండి. అడ్డం పది, నిలువు పది చాలు. గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకోండి.

ప్రతి గడికీ చుట్టూ ఎనిమిది గళ్ళు ఉంటాయి. పైన ఒకటి, కింద ఒకటి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, మూలల్లో నాలుగు. ఈ ఎనిమిదే దాని ఇరుగుపొరుగు. వాటిని మించి గడికి ఏమీ తెలీదు. నాలుగు గళ్ళ అవతల ఏం జరుగుతోందో దానికి పట్టదు.

పిక్క ఉన్న గడి చుట్టూ రెండుగానీ మూడుగానీ పిక్కలు ఉంటే ఆ పిక్క బతుకుతుంది. ఒకటే ఉన్నా, అసలు లేకపోయినా ఒంటరిదై పోతుంది. నాలుగు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఇరుకై పోతుంది.

ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడు పిక్కలు ఉంటే అక్కడ కొత్త పిక్క పుడుతుంది. రెండుంటే పుట్టదు. నాలుగున్నా పుట్టదు.

నియమం అంతే. ఇంకేమీ లేదు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. చావులూ పుట్టుకలూ అన్నీ ఒకేసారి జరగాలి. ఒక పిక్కను తీసేసి, ఆ తర్వాత దాని పక్కదాన్ని లెక్కపెడితే లెక్క తప్పిపోతుంది. అందుకని ముందు గుర్తులు పెట్టుకోవాలి. పోవలసిన పిక్క పక్కన, అదే గడిలో ఒక బియ్యపుగింజ పెట్టండి. కొత్తది పుట్టవలసిన గడిలో గవ్వ పెట్టండి. గవ్వలను మాత్రం ఇంకా లెక్కలోకి తీసుకోవద్దు. గళ్ళన్నీ చూడటం అయ్యాక, బియ్యపుగింజ ఉన్న పిక్కలు తీసెయ్యండి. గవ్వలున్న చోట పిక్కలు పెట్టండి. ఇప్పుడు ఒక తరం గడిచింది. మళ్ళీ మొదలుపెట్టండి.

ఒకటే పిక్క పెడితే వెంటనే పోతుంది. రెండు పెట్టినా అంతే. నాలుగు పిక్కలు చదరంగా, ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. ప్రతి పిక్కకూ మూడు పొరుగులు ఉన్నాయి. ఏదీ చావదు. బయట ఏ ఖాళీ గడికీ ముగ్గురు దొరకరు కాబట్టి కొత్తది పుట్టదు. అవి అలాగే ఉండిపోతాయి. నూరు తరాలైనా అంతే.

ఇప్పుడు మూడు పిక్కలు ఒకే వరసలో పెట్టండి.

○ ○ ○
● ● ●
○ ○ ○

మధ్యదానికి ఇద్దరు పొరుగువాళ్ళు. అది ఉంటుంది. చివరి రెండింటికీ ఒక్కొక్కరే. అవి పోతాయి. మధ్యదానికి పైన ఉన్న ఖాళీ గడి చూడండి. దానికి మూడు పిక్కలు తగులుతున్నాయి. అక్కడ పుడుతుంది. కిందా అంతే. అడ్డవరస నిలువువరస అయింది.

○ ● ○
○ ● ○
○ ● ○

తర్వాతి తరంలో నిలువు మళ్ళీ అడ్డం అవుతుంది. రెండు తరాలకొకసారి మొదటికి వస్తుంది. ఇలా ఎప్పటికీ కొట్టుకుంటూనే ఉంటుంది.

వరసలో ఇంకొక్కటి పెంచితే ఏమవుతుంది? నాలుగు పెడితే రెండు తరాల్లో ఆరు పిక్కల గూడులా మారి ఆగిపోతుంది. తేనెపట్టులో ఒక అరలాగా ఉంటుంది. ఐదు పెడితే నాలుగు ముక్కలుగా విడిపోయి, నాలుగూ ఇందాకటి మూడు పిక్కల వరసల్లా కొట్టుకుంటాయి. మరి ఆరు పెడితే ఇంకా పెద్దది కావాలి కదా. కాదు. ఆరు పెడితే కొంతసేపు గందరగోళం చేసి మొత్తం చచ్చిపోతాయి. ఒక్కటీ మిగలదు. ఏడు పెడితే నాలుగు తేనెఅరలు వస్తాయి. పది పెడితే పెద్ద ఆకారం ఒకటి తయారై, 15 తరాలకొకసారి తిరిగి మొదటి రూపానికి వస్తూ ఉంటుంది.

నాలుగు చూశాం కదా, ఐదు చూశాం కదా, ఆరు ఏమవుతుందో చెప్పేస్తాం అనుకుంటే కుదరదు. పెట్టి చూడాలి.

కేంబ్రిడ్జిలో కాన్వే బృందం కూడా ఇలాగే పెట్టి చూస్తూ పోయింది. చిన్న చిన్న ఆకారాలు ఒక్కొక్కటే తీసుకున్నారు. వాటిలో ఒకటి మాత్రం వాళ్ళను ఏడిపించింది. అందులో ఉన్నవి ఐదే గింజలు.

○ ● ●
● ● ○
○ ● ○

ఇది చూడటానికి అమాయకంగా ఉంది. నడపడం మొదలుపెడితే ఆగదు. పెరుగుతుంది, విరుగుతుంది, ముక్కలవుతుంది, ఆ ముక్కలు మళ్ళీ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఇది 1103 తరాలకు గానీ స్థిరపడదని కంప్యూటరుతో నడిపాక తేలింది. అప్పటికి 116 గింజలు ఉంటాయి. చేత్తో అంత దూరం పోవడం ఎవరి తరం?

దీన్ని చేత్తో నడుపుతున్నవాళ్ళలో రిచర్డ్ గై అనే లెక్కల పండితుడు ఒకడు. గింజలు సర్దడంలో ఆయనకు ఓపిక ఎక్కువ. ఒకసారి ఆయన ఒక ముక్కను గమనించాడు. మిగిలిన గుంపు నుంచి విడిపోయిన ఐదు గింజలవి.

○ ● ○
○ ○ ●
● ● ●

ఈ ఐదూ చావడంలేదు. ఒకచోట ఆగడంలేదు. నాలుగు తరాలు గడిచేసరికి అదే ఆకారం ఒక గడి కిందికి, ఒక గడి కుడికి జరిగి ఉంది. ఇంకో నాలుగు తరాలకు మళ్ళీ ఒక గడి. అది నడుస్తోంది! దానికి గ్లైడర్ అని పేరు పెట్టారు. గాలిలో జారుకుంటూ పోయేది అని అర్థం.

మీరూ పెట్టి చూడండి. నాలుగు తరాలే కాబట్టి పది నిమిషాల పని.

ఇప్పుడు ఒకసారి ఆలోచించండి. నియమంలో నడక అనే మాట ఉందా? లేదు. కదలమని ఏ గింజకైనా చెప్పారా? చెప్పలేదు. అసలు ఏ గింజా కదలదు. గింజలు పుడతాయి, పోతాయి. అంతే. అయినా ఆకారం కదులుతోంది. జాతరలో సీరియల్ బల్బులు చూశారు కదా. వెలుతురు తోరణం పొడుగునా పరుగెత్తుతుంది. బల్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వరిచేను మీద గాలి వీస్తే అల ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతుంది. వరిదుబ్బు పాదు వదలదు. గ్లైడర్ కూడా అలాంటిదే. కాకపోతే బల్బుల వెనక వాటిని వెలిగించి ఆర్పే పెట్టె ఒకటి ఉంటుంది. చేను మీద గాలి ఉంటుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ప్రతి గడీ తన ఎనిమిది పొరుగుగళ్ళనే చూసుకుంటుంది. ఆ చూపుల నుంచే నడక పుట్టింది.

1970 అక్టోబరులో అమెరికాలోని సైంటిఫిక్ అమెరికన్ అనే పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ ఈ ఆట గురించి రాశాడు. ఆయన నెలనెలా లెక్కల తమాషాలు రాసేవాడు. ఆ వ్యాసంలోనే కాన్వే ఒక పందెం పెట్టాడు. గింజలు ఎంత పెరిగినా ఎక్కడో ఒకచోట ఆ పెరుగుదల ఆగుతుందని కాన్వే అనుకున్నాడు. ఎప్పటికీ పెరుగుతూనే ఉండే ఆకారం ఉందని చూపించినా సరే, లేదని రుజువు చేసినా సరే, మొదట చేసినవాళ్ళకు 50 డాలర్లు ఇస్తానన్నాడు. ఆ ఏడాది ఆఖరులోగా చెయ్యాలి.

50 డాలర్లు పెద్ద సొమ్మేమీ కాదు. కానీ ప్రశ్న పెద్దది. గింజలు ఎప్పటికీ పెరగలేకపోతే ఈ ఆట కొంతసేపు కాలక్షేపం. పెరగగలిగితే వాన్ న్యూమన్ ప్రశ్నకు ఈ చిన్న నియమంలో కూడా చోటుంది.

నవంబరులోనే జవాబు వచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. అనే సాంకేతిక విద్యాసంస్థలో బిల్ గాస్పర్ అనే కుర్రవాడు, అతని మిత్రులు కంప్యూటరు మీద ఈ ఆట నడిపారు. 36 గింజలతో ఒక ఆకారం కనిపెట్టారు. అది ఒకచోటే ఉండి అటూ ఇటూ ఊగుతుంది. 30 తరాలకొకసారి ఒక గ్లైడర్‌ను బయటికి విసురుతుంది. ఆ గ్లైడర్ నడిచిపోతుంది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మరొకటి. దీనికి అంతం లేదు. అందుకే దానికి గ్లైడర్ తుపాకి అని పేరు వచ్చింది. కాన్వే ఊహ తప్పింది. డబ్బు గాస్పర్ బృందానికి వెళ్ళింది.

ఊహ తప్పినందుకు కాన్వే బాధపడవలసిన పని లేకపోయింది. తుపాకి వల్ల ఆయనకు కావలసింది దొరికింది. గ్లైడర్ వస్తే అవును, రాకపోతే కాదు అనుకోండి. అప్పుడు గ్లైడర్ల వరస ఒక కబురు అవుతుంది. రెండు గ్లైడర్లు సరిగ్గా గుద్దుకుంటే రెండూ మాయమవుతాయి. అంటే ఒక కబురుతో ఇంకో కబురును ఆపవచ్చు. కంప్యూటరు లోపల జరిగేది కూడా ఇలాంటి అవును, కాదుల లెక్కే. కాబట్టి ఓపికగా అమరిస్తే, ఈ గింజలతో కంప్యూటరు చేసే ఏ లెక్కయినా చెయ్యవచ్చని కాన్వే చూపించాడు.

దీని నుంచి ఇంకో సంగతి బయటపడింది. అది కొంచెం నిదానంగా చదవాలి. మన దగ్గరికి ఎవరైనా ఒక ఆకారం తెచ్చి, ఇది చివరికి చస్తుందా, చావదా అని అడిగారనుకోండి. ఏ ఆకారం తెచ్చినా సరే, ముందుగానే తేల్చి చెప్పే పద్ధతి ఏదైనా ఉందా? లేదు. ఇంకా దొరకలేదని కాదు, ఉండదని లెక్కతో రుజువైంది. కొన్ని ఆకారాల సంగతి చెప్పవచ్చు. అన్నింటి సంగతీ చెప్పే ఒకే పద్ధతి మాత్రం లేదు. నియమం పూర్తిగా తెలుసు. దాచిపెట్టింది ఏమీ లేదు. పాచికలు లేవు, అదృష్టం లేదు. అయినా ముందు జరగబోయేది నడిపి చూస్తేనే తెలుస్తుంది.

నియమాలు తెలిస్తే అన్నీ తెలిసినట్టే అనుకునేవాళ్ళకు ఇది మింగుడుపడని మాట.

ఇవాళ ఈ ఆట సెల్‌ఫోనులో కూడా నడుస్తుంది. గాలీ అనే ఉచిత కంప్యూటరు ప్రోగ్రాము 2005 నుంచి ఉంది. తెర మీద గళ్ళు కనిపిస్తాయి. వేలితో గాని, మౌసుతో గాని తాకితే గడి రంగు మారుతుంది. అంటే గింజ పెట్టినట్టు. నడుపు అంటే నడుస్తుంది, ఆపు అంటే ఆగుతుంది. ఒక్కొక్క తరమే చూడవచ్చు. లేదా వెయ్యి తరాలు కన్ను మూసి తెరిచేలోగా దాటించవచ్చు. చేత్తో రోజులు పట్టే పని నిమిషంలో అయిపోతుంది. కానీ అరుగు మీద పిక్కలతో ఒక్కసారైనా చేసినవాళ్ళకే ఆ తెర మీద ఏం జరుగుతోందో సరిగ్గా తెలుస్తుంది.

కంప్యూటరులో ఇంకో సౌకర్యం ఉంది. నియమాన్నే మార్చి చూడవచ్చు. పుట్టడానికి మూడు పొరుగులు కావాలి అన్నదాన్ని రెండుకు తగ్గించండి. చాలా ఆకారాలు మంటలాగా అన్ని వైపులా పాకిపోతాయి. నాలుగుకు పెంచండి. ఇక ఏ ఆకారమూ తన పరిధి దాటదు. ఎందుకో తేలిగ్గానే చెప్పవచ్చు. గింజలన్నీ ఒక చదరం లోపల ఉన్నాయనుకోండి. ఆ చదరాన్ని ఆనుకుని బయట ఉన్న గడికి లోపలి నుంచి తగిలే గళ్ళు ఎక్కువలో ఎక్కువ మూడే. నాలుగు ఎన్నడూ దొరకవు. కాబట్టి బయట పుట్టుకే ఉండదు. రెండైతే విచ్చలవిడి, నాలుగైతే బందిఖానా. కాన్వే టీ బల్ల దగ్గర అంతకాలం వెతికింది ఈ మూడు అనే అంకె కోసమే.

ఈ ఆటకు బతుకు అని పేరు పెట్టారు కదా అని చింతపిక్కలకు ప్రాణం ఉందనుకోకూడదు. మనుషుల సంసారాలు ఇలాగే నడుస్తాయని కూడా అనుకోకూడదు. అది పేరు మాత్రమే. అయితే ఈ పద్ధతి నిజం పనులకు కూడా పనికొచ్చింది. 1992లో జర్మనీలో కై నాగెల్, మైకేల్ ష్రెకెన్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రోడ్డును గళ్ళ వరసగా గీశారు. ఒక్కొక్క గడి ఏడున్నర మీటర్లు. గడిలో కారు ఉంటుంది, లేదా ఉండదు. ప్రతి కారూ ముందున్న ఖాళీని మాత్రమే చూసుకుంటుంది. ఖాళీ ఉంటే వేగం పెంచుతుంది, లేకపోతే తగ్గిస్తుంది. అప్పుడప్పుడూ ఊరికే కొంచెం తగ్గిస్తుంది, డ్రైవరు పరధ్యానంలో ఉన్నట్టు. నడిపి చూస్తే ఏమైంది? ప్రమాదం లేదు, గేటు లేదు, గొర్రెల మంద అడ్డం రాలేదు. అయినా కార్లు బారులు తీరి ఆగిపోయాయి. కార్లు ముందుకు పోతుంటే ఆ బారు మాత్రం వెనక్కి పాకింది. పెద్ద రోడ్ల మీద కారణం కనిపించకుండా బండ్లు నిలిచిపోవడం ఎలా జరుగుతుందో దీనివల్ల తెలిసింది.

వాన్ న్యూమన్ ప్రశ్న మాటేమిటి? 2010లో ఆండ్రూ వేడ్ అనే ఆయన ఈ ఆటలో ఒక పెద్ద ఆకారం తయారుచేశాడు. అది కొంచెం దూరంలో తనలాంటి ఆకారాన్నే కట్టుకుంటుంది. పాతదాన్ని చెరిపేస్తుంది. ఒక్కసారి ఇలా కావడానికి 3 కోట్ల 36 లక్షలకు పైగా తరాలు పడుతుంది. రెండే రకాల గడి, చిన్న నియమం. అవే సరిపోయాయి.

కాన్వే తర్వాత అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. లెక్కల్లో ఇంకా లోతైన పనులు చేశాడు. అంకెల గురించి కొత్త సిద్ధాంతం చెప్పాడు. అయినా ఎక్కడికి వెళ్ళినా జనం ఈ ఆట గురించే అడిగేవారు. ఆయనకు విసుగొచ్చింది. ఈ ఆటంటే తనకు గిట్టదని చాలాకాలం చెప్పుకున్నాడు. ముసలితనంలో ఆ కోపం తగ్గింది. గ్లైడర్‌ను పట్టుకున్న రిచర్డ్ గై 2020 మార్చిలో, 103 ఏళ్ళ వయసులో చనిపోయాడు. తర్వాతి నెలలోనే, ఏప్రిల్ 11న, కాన్వే కరోనాతో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 82.

ఆట మాత్రం నడుస్తూనే ఉంది. మూడు పిక్కల వరస రెండు తరాలకొకసారి మొదటికి వస్తుందని చూశాం. పది పిక్కల వరస నుంచి తయారైన ఆకారం 15 తరాలకొకసారి వస్తుంది. మూడు తరాలకు, నాలుగు తరాలకు, ఐదు తరాలకు ఇలా తిరిగివచ్చే ఆకారాలు ఒక్కొక్కటే వెతుకుతూ వచ్చారు. చివరికి రెండు అంకెలు మిగిలిపోయాయి. 19, 41. ఈ రెండింటికి ఎంత వెతికినా ఆకారాలు దొరకలేదు. 2023లో దొరికాయి. ఆట బయటికి వచ్చిన 53 ఏళ్ళకు.